ఎన్నారై సందేహాలు: లైన్‌హాల్ డ్రైవర్‌గా చేరాలంటే

ప్రశ్న: అన్నగారూ, మా అక్క వేసిన ఎఫ్4 పిటిషన్ మీద గ్రీన్ కార్డు వచ్చి కుటుంబంతో డాలస్‌లో దిగాం. నాకు 46 ఏళ్లు. విజయవాడలో చాలా ఏళ్లు లారీ నడిపాను. ప్రస్తుతం గ్యాస్ స్టేషన్‌లో చేస్తున్నాను. ఎల్‌టీఎల్ కంపెనీల్లో లైన్‌హాల్ ఉద్యోగాలు బాగుంటాయంటున్నారు. నిజమేనా? మైలుకి ఎంతిస్తారు?

జవాబు: నిజమే, బాగుంటాయి. అయితే అందరూ ముందు అడిగేది మైలు రేటే. చేరాక మీ బతుకు ఎలా ఉంటుందో తేల్చేది మాత్రం మీరు చేరే టర్మినల్ (కంపెనీ సరుకు దించి ఎక్కించే డిపో) సీనియారిటీ లిస్టులో మీ పేరు ఎన్నో వరసలో ఉందన్నది.

పని సంగతి ముందు చెబుతాను. నవతా ట్రాన్స్‌పోర్టులో పార్సిల్ బుక్ చేసినవారికి ఎల్‌టీఎల్ అర్థం కావడం కష్టం కాదు. లారీ నిండా ఒకరి సరుకే ఉండదు, పదిమందిది కలిపి వేస్తారు. పగలు సిటీ డ్రైవర్లు షాపులూ గోడౌన్లూ తిరిగి ఇక్కడో ప్యాలెట్ (చెక్క పలక మీద పేర్చిన సరుకు), అక్కడో రెండు ఎక్కించుకుని సాయంత్రానికి టర్మినల్‌కి తెస్తారు. డాక్ (సరుకు దించే అరుగు) మీద ఫోర్క్‌లిఫ్ట్ వాళ్లు ఏ ఊరిది ఆ ఊరికి విడదీసి ట్రైలర్లు నింపుతారు. వాటిని రాత్రికి రాత్రి ఇంకో టర్మినల్‌కో, బ్రేక్‌బల్క్ అనే పెద్ద హబ్‌కో చేర్చేదే లైన్‌హాల్. తెల్లారేసరికి సరుకు అవతలి డాక్ మీద లేకపోతే అక్కడి సిటీ డ్రైవర్‌కి పని మొదలవదు. కాబట్టి ఇది ప్రధానంగా రాత్రి ఉద్యోగం.

డాలస్ నుంచి హ్యూస్టన్‌కి సుమారు 240 మైళ్లు. వెళ్లి, తెచ్చిన ట్రైలర్లు వదిలి, అక్కడివి తగిలించుకుని వెనక్కి వస్తే దాన్ని టర్న్ అంటారు. ఫెడరల్ రూలు ప్రకారం 10 గంటల విశ్రాంతి తర్వాత, డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపల 11 గంటలే నడపాలి. 480 మైళ్లు అందులో సరిపోతాయి, పొద్దున్నే ఇంటికొచ్చి పడుకోవచ్చు. కొన్ని రూట్లలో రెండు ఊళ్ల డ్రైవర్లు సగం దారిలో కలిసి ట్రైలర్లు మార్చుకుని ఎవరి ఊరికి వారు తిరిగిపోతారు. దూరం ఎక్కువైతే లేడౌన్: అవతలి ఊళ్లో కంపెనీ ఇచ్చిన హోటల్ గదిలో పడుకుని, మర్నాడు తిరుగు ప్రయాణం. దేశమంతా తిరిగే ట్రక్‌లోడ్ డ్రైవర్లలా వారాల తరబడి క్యాబిన్లోనే కాపురం ఉండక్కర్లేదు. గోడౌన్ల ముందు గంటలకొద్దీ పడిగాపులూ ఉండవు.

ఇప్పుడు అసలు విషయం. రూట్లను ఏడాదికోసారో రెండుసార్లో బిడ్‌కి, అంటే డ్రైవర్లు ఎంచుకోవడానికి, పెడతారు. ముందు చేరినవాడు ముందు ఎంచుకుంటాడు. రోజూ ఒకే టైముకి బయల్దేరి, ఒకే ఊరికి వెళ్లొచ్చే రన్నులు పైవాళ్లు పట్టుకుపోతారు. మిగిలినవాళ్లు ఎక్స్‌ట్రా బోర్డు (సొంత రూటు లేక, పిలిచినప్పుడు వెళ్లేవారి జాబితా) మీద ఉంటారు, మీరు మొదలయ్యేది అక్కడే. డిస్పాచ్ (డ్రైవర్లను పంపే ఆఫీసు) నుంచి ఫోన్ వస్తుంది, రెండు గంటల్లో టర్మినల్లో ఉండాలంటారు. ఈ రోజు రాత్రి 8కి, రేపు అర్ధరాత్రి 1కి. అమ్మాయి పుట్టినరోజు శుక్రవారమైతే శుక్రవారమే పిలుపు వస్తుంది, అదేం మాయో. సరుకు తగ్గిన వారం మొదట ఇంట్లో కూర్చునేదీ ఎక్స్‌ట్రా బోర్డువాళ్లే.

అందుకే మీరు చూస్తున్న టర్మినల్‌కి వెళ్లి, పార్కింగ్‌లో కనిపించిన డ్రైవర్లను అడగండి: ఎక్స్‌ట్రా బోర్డు మీద ఎంతమంది ఉన్నారు? ఆఖరున బిడ్ దొరికినతను ఏ సంవత్సరంలో చేరాడు? రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డవాళ్లు ఎంతమంది? మైలుకి రెండు సెంట్లు తక్కువిచ్చినా లిస్టు త్వరగా కదిలే టర్మినలే మీ వయసుకి మంచిది. యూనియన్ ఉన్న ఏబీఎఫ్‌లోనూ, యూనియన్ లేని ఓల్డ్ డొమినియన్‌లాంటి చోట్లా సీనియారిటీ మాటే చెల్లుతుంది. ఒక కంపెనీ సీనియారిటీ ఇంకో కంపెనీలో పనికిరాదు. 2023లో యెల్లో అనే ఎల్‌టీఎల్ కంపెనీ మూతపడి సుమారు 30,000 మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వారిలో వేరే చోట చేరిన డ్రైవర్లు, ఎంత సర్వీసు ఉన్నా, మళ్లీ లిస్టు అడుగునుంచే మొదలుపెట్టాలి. ఐదు సెంట్ల కోసం కంపెనీలు మారేవాళ్లను చూసి మోసపోకండి.

మైలు డబ్బుతో పాటు ట్రైలర్లు వదిలి తగిలించినందుకూ, టర్మినల్లో ఆలస్యమైతే దానికీ విడిగా ఇస్తారు. ఏది ఎంతో కాగితం మీద చూపించమనండి. రాష్ట్రాల మధ్య సరుకు లాగే డ్రైవర్లకు ఫెడరల్ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిన పని లేదు. ఒకటిన్నర రెట్లు వస్తుందని లెక్క వేసుకోకండి.

విజయవాడ అనుభవం చేతికి పనికొస్తుంది గానీ, ఇక్కడ కాగితం మీద లెక్కలోకి రాదు. క్లాస్ ఏ సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్సు) కొత్తగా తీసుకోవాల్సిందే. 2022 ఫిబ్రవరి నుంచి గుర్తింపు ఉన్న స్కూల్లో శిక్షణ తప్పనిసరి. దాని మీద డబుల్స్ (జంట ట్రైలర్లు), హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు), ట్యాంకర్ ఎండార్స్‌మెంట్లు, అంటే అదనపు అనుమతులు, కూడా చేర్చుకోండి. పదిమంది సరుకులో పెయింట్ డబ్బాలో, యాసిడో ఉండనే ఉంటాయి, హజ్‌మ్యాట్ లేనివారికి చాలాచోట్ల ఉద్యోగమివ్వరు. స్కూలు ఫీజు బరువైతే డాక్ మీద చేరండి. కొన్ని కంపెనీలు తమ డాక్ వాళ్లకే డ్రైవింగ్ నేర్పి, కొంతకాలం ఉండాలని ఒప్పందం రాయించుకుంటాయి.

డబుల్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 28 అడుగుల ట్రైలర్లు రెండు, మధ్యలో వాటిని కలిపే చిన్న చక్రాల బండి, డాలీ. బరువైనది ముందు, తేలికైనది వెనక. చీకట్లో, ఒక్కోసారి వానలో, టన్నుకి పైగా బరువుండే డాలీని హుక్ దగ్గరికి చేర్చి, లాచ్ పడిందో లేదో చూసి, గొలుసులు, రెండు ఎయిర్ గొట్టాలు, లైట్ల కేబుల్ కలపాలి. ముందు ట్రైలర్ వెనకాల వాల్వులు తెరిచి ఉండాలి, ఆఖరి ట్రైలర్ వెనకవి మూసి ఉండాలి. ముందుదాని సర్వీస్ వాల్వు (బ్రేకు తొక్కినప్పుడు వెనక్కి గాలి పంపేది) తెరవడం మరిస్తే వెనక ట్రైలర్ బ్రేకు పట్టదు, ఆ సంగతి క్యాబిన్లో మీకు తెలియదు. కాబట్టి క్యాబిన్లో ట్రైలర్ బ్రేకులు వేసే హ్యాండ్ వాల్వు లాగిపెట్టి, చిట్టచివరికి నడిచి వెళ్లి, అక్కడి వాల్వు ఒక్క క్షణం తెరిచి గాలి బుస్సుమంటుందో లేదో వినాలి. స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే వెనక ట్రైలర్ తోక విదిలించినట్టు ఊగి పడిపోతుంది. రివర్స్ గేర్ ఉందన్న మాట మర్చిపోండి. ఇరుకు సందులోకి దూరితే విడదీసి ఒక్కోటీ బయటికి తీయాల్సిందే.

డీఓటీ (ఫెడరల్ రవాణా శాఖ) మెడికల్ పరీక్షలో బీపీ 140/90 లోపు ఉంటే రెండేళ్ల వరకూ సర్టిఫికెట్ ఇస్తారు, అది దాటితే కాలం తగ్గిస్తారు. ఇన్సులిన్ వాడినా 2018 నుంచి దారి ఉంది, మీ డాక్టర్ ఫారం నింపాలి. డ్రగ్ టెస్టు ముందు కొన్ని రోజులు గసగసాల కూర మానేయండి, నవ్వకండి, అది టెస్టులో కనిపించగలదు. ఇంగ్లీషు విషయంలో 2025 జూన్ నుంచి గట్టిగా ఉన్నారు. రోడ్డు మీద ఆఫీసర్ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతే ఇక ఆ బండి మీరు నడపడానికి లేదు.

ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. పగలు మీరు పడుకుంటే మిక్సీ, టీవీ ఆగాలి. కిటికీలకు మందపాటి కర్టెన్లు కొనండి. మీ రాత్రి మన ఊరికి పగలు కాబట్టి ఫోన్లు వస్తూనే ఉంటాయి. నడిపేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోవడం నిషేధం.

ఇది చదివి, లేఆఫ్ అయిన హెచ్1బీ పిల్లలు కూడా అడుగుతారు, వారికీ చెబుతున్నా. హెచ్1బీ మీద గానీ, ఓపీటీ (చదువు తర్వాత ఆ రంగంలోనే పనిచేసే అనుమతి) మీద గానీ పక్కన ట్రక్ నడపడం కుదరదు. గ్రీన్ కార్డు లేకుండా ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నవారికి ఇస్తూ వచ్చిన నాన్ డొమిసైల్డ్ సీడీఎల్ మీద 2025 సెప్టెంబరులో ఫెడరల్ ప్రభుత్వం రూలు బాగా బిగించింది, అది కోర్టుకీ ఎక్కింది. హెచ్4 ఈఏడీవాళ్లయితే (హెచ్1బీవారి భార్య లేదా భర్త), స్కూలుకి డబ్బు కట్టేముందు లైసెన్సు ఆఫీసుకి కాగితాలతో వెళ్లి, ఈ స్టేటస్‌కి ఇస్తారా లేదా అని అడగండి. స్కూలువాళ్ల మాట నమ్మి కట్టకండి, వాళ్లకి మీ ఫీజు వస్తే చాలు.