బూట్ల డబ్బాలో తెల్ల గుళికలు

ప్రశ్న: కొత్త బూట్ల డబ్బాలో పొట్లం కట్టి పెట్టే గుళికలను ఎలా తయారు చేస్తారు సార్?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అది సిలికా జెల్ అమ్మా. సోడియం సిలికేట్ ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే కాసేపటికి గడ్డపెరుగులా బిగుసుకుంటుంది. అదే హైడ్రోజెల్, బరువులో సగానికి పైగా నీళ్లే. అందులోని సోడియం సల్ఫేట్ పోయేదాకా కడిగి ఆరబెడితే మీ గుళికలు. ఒక్క గ్రాములోని సన్నని రంధ్రాల గోడలన్నీ పరిస్తే వందల చదరపు మీటర్లు! తేమ అంటుకునేది అక్కడే.

మా కాలేజీ ల్యాబ్‌లో నీలం గుళికలు తేమ పట్టి గులాబీ రంగుకు తిరిగితే, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడేవాళ్లం. ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్, విషం. పిల్లలకు అందనివ్వకండి.

ఆరబెట్టని హైడ్రోజెల్‌కూ గిరాకీ ఉంది. బీరును మసకబార్చే ప్రొటీన్లను, వంటనూనె శుద్ధిలో మిగిలిపోయే సబ్బును అది పట్టేస్తుంది. ఆపైన వడకట్టి తీసేస్తారు.