నైట్ డ్యూటీ దిగాక నిద్ర పట్టట్లేదు.. ఆన్‌లైన్ వెల్‌నెస్ క్లాసులతో తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డెంగీ కేసులతో నెల రోజులుగా వార్డులు నిండిపోయాయి. వారాంతపు సెలవులు కూడా ఆపేశారు. నైట్ చేసి ఇంటికొచ్చినా నిద్ర పట్టదు. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. 2021లో కొవిడ్ వార్డులో చూసినవి మళ్లీ కళ్ల ముందుకొస్తున్నాయి. మా యాజమాన్యం ఫోన్‌లోనే యోగా, ధ్యానం, కౌన్సెలింగ్ అంటూ ఆన్‌లైన్ వెల్‌నెస్ ప్రోగ్రామ్ పెట్టింది. డ్యూటీ దిగాక చేరమంటున్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా?
- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: సిస్టర్, మీరు రాసినదాంట్లో రెండు సమస్యలున్నాయి. ఒకటి పనిభారం వల్ల వచ్చిన అలసట. విశ్రాంతి దొరికితే ఇది చాలామటుకు తగ్గుతుంది. రెండోది 2021 నాటి దృశ్యాలు తిరిగి రావడం. దానికి ఫోన్‌లో ధ్యానం చాలదు, ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలి.

2020లో కొవిడ్ మొదలైనప్పుడు చైనాలోని చాంగ్షాలో సెకండ్ షాంగ్యా ఆసుపత్రి తన సిబ్బందికి ఆన్‌లైన్ పాఠాలు, హాట్‌లైన్, బృంద కార్యక్రమాలు ఏర్పాటు చేసింది. సిబ్బంది పెద్దగా ముందుకు రాలేదు. చిరాకు పడుతూ, విశ్రాంతి తీసుకోమన్నా వినని నర్సులు కూడా తమకేం సమస్య లేదన్నారు. కారణం ఏమిటని అడిగితే, సైకాలజిస్టు కంటే తమకు మధ్యలో ఎవరూ లేపని విశ్రాంతి, సరిపడా రక్షణ సామగ్రి కావాలని చాలామంది చెప్పారు. ఆసుపత్రి పద్ధతి మార్చుకుంది. విశ్రాంతి చోటు, భోజనం చూసింది. డ్యూటీ ఎలా సాగుతోందో వీడియో తీసి ఇంటివాళ్లకు పంపుకునేలా సాయపడింది. కౌన్సెలర్లే ఆ విశ్రాంతి చోటికి వచ్చి వాళ్లు చెప్పేది విన్నారు. ఆసుపత్రులు నడిపే ప్రతి ఒక్కరూ ఈ సంగతి చదవాలని నా కోరిక.

స్పెయిన్‌లో 482 మంది వైద్య సిబ్బందితో మీ ప్రోగ్రామ్ లాంటి ఫోన్ యాప్‌ను పరీక్షించారు. రెండు వారాల తర్వాత మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అప్పటికే మానసిక చికిత్సలోనో, మందుల మీదో ఉన్నవాళ్లకు మాత్రం మేలు చేసింది.

కాబట్టి చేరండి, కానీ డ్యూటీ దిగాక వద్దు. నిద్రపోవాల్సిన గంటను ధ్యానం క్లాసుకు అడగడం అన్యాయం. సెషన్‌ను డ్యూటీ వేళల్లోనే పెట్టమని, ఆ అరగంట వార్డు చూసేందుకు మరొకరిని ఇవ్వమని, వారాంతపు సెలవు తిరిగి ఇవ్వమని నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగండి. ఒక్కరే వెళ్లకుండా నలుగురు కలిసి వెళ్లండి. యాప్‌లో మీరు నింపే జవాబులు యాజమాన్యం చేతికి వెళ్తాయా అన్నదీ ముందే తేల్చుకోండి. ఆ భయం ఉంటే ఎవరూ ఉన్నదున్నట్టు రాయరు. పనిభారంతో ఇలా పూర్తిగా అలసిపోవడాన్ని బర్నౌట్ అంటారు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లెక్కలో వేయలేదు, ఉద్యోగంలో అదుపు చేయని ఒత్తిడి ఫలితమని చెప్పింది. మీ బలహీనత వల్ల వచ్చిందని దయచేసి అనుకోకండి.

నిద్ర విషయానికొస్తే, నైట్ దిగి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. ఎండ కంట్లో పడితే నిద్ర ఎగిరిపోతుంది. పడుకునే వేళకు ఆరు గంటల ముందు నుంచే టీ, కాఫీ ఆపండి. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఆ వేళ పిల్లలను ఎవరు చూస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. రాత్రి తోటి సిస్టర్లతో వంతులేసుకుని 20 నిమిషాలు కునుకు తీసినా తేలికపడతారు.

వార్డులో చేతికందుతాయి కదా అని ఆల్‌ప్రజోలం వంటి ఆందోళన, నిద్ర మాత్రలు సొంతంగా మాత్రం వేసుకోవద్దు. కొద్ది వారాల్లోనే అలవాటు పడిపోతాయి. మన వృత్తిలో ఇది బయటికి చెప్పుకోని ముప్పు.

ఇక పాత దృశ్యాలు. పీడకలలు, మానిటర్ అలారం మోగితే ఉలికిపాటు, ఆ వార్డు వైపు వెళ్లాలంటే గుండెదడ వంటివి నెల దాటినా ఉంటే అది పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవం తర్వాత మనసును వదలని మానసిక సమస్య కావచ్చు. సైకియాట్రిస్టును కలవండి. ఆ అనుభవం మీదే పనిచేసే సీబీటీ (ఆలోచనల తీరు, ప్రవర్తన మార్చే మాటల చికిత్స) వంటి చికిత్సలున్నాయి, చాలామందికి మంచి ఫలితం ఇస్తాయి. వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగకండి, ఇంట్లోవాళ్లకు చెప్పి అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. అవి తేడాగా ఉన్నా అలసట, చిరాకు ఇలాగే ఉంటాయి.