విమ్‌లో కర్సర్ మాయమైతే, ఆకారం మారకపోతే

భీమవరం నుంచి ఒకరు, సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) వెళ్లి విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతుంటే ఇన్సర్ట్ మోడ్‌లోనూ (అక్షరాలు టైప్ చేసే స్థితి) కర్సర్ దిమ్మలాగే ఉంటోందని, ఒక్కోసారి అసలు కనిపించట్లేదని అడిగారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

కనిపించకపోవడం తేలిగ్గా పోతుంది. తెర గీసేటప్పుడు కర్సర్‌ని దాచమని ఎడిటర్ టెర్మినల్‌కి (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) చెబుతుంది, గీయడం అయ్యాక చూపమంటుంది. మధ్యలో లైన్ తెగితే ఆ రెండో మాట చేరదు. మా అమలాపురంలో వానాకాలం కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు నాకు జరిగేది ఇదే. ఏమీ కనిపించకపోయినా 'రీసెట్' అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి, వచ్చేస్తుంది.

ఆకారం మాత్రం మనమే చెప్పాలి. విమ్ ఇన్సర్ట్‌లోకి వెళ్లేటప్పుడు 'టీ అండర్‌స్కోర్ ఎస్ఐ' (t_SI) అనే సెట్టింగ్‌లో ఉన్నది టెర్మినల్‌కి పంపుతుంది, బయటికొచ్చేటప్పుడు 'టీ అండర్‌స్కోర్ ఈఐ' (t_EI)లో ఉన్నది. వాటిలో వరసగా ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, అంకె, స్పేస్, చిన్న క్యూ ఉండాలి. అంకె 2 అయితే మిణకని దిమ్మ, 4 అడ్డగీత, 6 నిలువుగీత. ఆ స్పేస్ దగ్గరే చాలామంది తప్పుతారు. అది లేకపోతే వీటీ100 అనే పాత టెర్మినల్ కాలం నాటి కీబోర్డు లైట్ల ఆదేశం అయిపోతుంది!

టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే ప్రోగ్రామ్) వాడుతుంటే, బ్యాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలైనప్పుడు చదివే సెట్టింగ్‌ల ఫైలు) 'టర్మ్' విలువని, అంటే టెర్మినల్ రకం పేరుని, ఎక్స్‌టర్మ్‌గా రాసిన లైను ఉంటే ముందు తీసేయండి; టీమక్స్ తనకు తగ్గట్టు పెట్టుకున్న పేరుని అది మార్చేస్తుంది.