కంపెనీ పేరు కన్నా మీ స్తంభం మీద డబ్బా ముఖ్యం

"హైదరాబాద్‌లో కొత్త ఇంట్లోకి మారుతున్నాం. ఫోన్ కంపెనీల బ్రాడ్‌బ్యాండ్‌లో ఏది మంచిది, ఎన్ని రోజుల్లో పెడతారు?" అని అడిగారు కదా. ఈ ఊళ్లో మూడు ఇళ్లు మారి, మూడుచోట్లా నెట్ పెట్టించుకున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను. ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నే పక్కన పెట్టేయండి. మీ ఇంటి ముందు స్తంభం మీద ఎవరి ఫైబర్ డబ్బా ఉంది, అందులో పోర్టు, అంటే ఒక ఇంటి కేబుల్ తగిలించే చోటు, ఖాళీ ఉందా, ఆ సందుకి వచ్చే లైన్‌మన్ ఎవరు, ఇవి కనుక్కోండి. ఒకే కంపెనీ మా పాత ఇంట్లో బంగారంలా నడిచింది, నాలుగు వీధుల అవతల మా ఆడపడుచు వాళ్లింట్లో ఏడిపించింది.

నేను ఇంటి నుంచే చిన్న షాపుల వాళ్లకి జీఎస్టీ లెక్కలు చూస్తాను. 2025 జూలైలో మల్కాజిగిరిలో ఒక ఇంటి రెండో అంతస్తులో అద్దెకు దిగాం. 11వ తేదీ జీఎస్టీఆర్-1లు, అంటే అమ్మకాల రిటర్నులు, ఎలాగో ఫోన్ హాట్‌స్పాట్ మీద గట్టెక్కించాను. 20వ తేదీకి పన్ను కట్టే రిటర్నులు, జీఎస్టీఆర్-3బీలు వేయాలి, ఈలోపు నెట్ రావాలని ఒకటే టెన్షన్. మా ఫోన్లలో ఉన్న సిమ్ కంపెనీ యాప్‌లోనే బుక్ చేశాను. మీ ఏరియాలో సర్వీస్ ఉంది, 48 గంటల్లో పెట్టేస్తాం అని చూపించింది. అడ్వాన్స్ కూడా కట్టాను.

మూడో రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది: కస్టమర్ ఇంట్లో లేరు కాబట్టి ఆర్డర్ రద్దు చేశాం అని. ఆ రోజంతా నేను గడప దాటలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా బాల్కనీలోకి వచ్చి చూశాను. నాకు కోపం వచ్చింది ఆలస్యానికి కాదు, ఆ అబద్ధానికి. పోర్టు లేదని నిజం చెప్తే ఆ రోజే ఇంకో దారి చూసుకునేదాన్ని కదా!

అసలు సంగతి తర్వాత తెలిసింది. వీధిలోకి వచ్చే ఒక ఫైబర్ పోగుని స్ప్లిటర్ అనే చిన్న భాగం ఎనిమిదో పదహారో ఇళ్లకి పంచుతుంది. అవి నిండిపోతే ఇంకో డబ్బా వేసేదాకా మీకు కనెక్షన్ రాదు. నేను బుక్ చేసిన యాప్ ఇదేమీ చెప్పలేదు, ఏరియాలో ఉందనేసింది.

మా సందు మొదట్లో కిరాణా కొట్టాయన్ని అడిగితే, ఆయనకి నెట్ పెట్టిన అబ్బాయి నంబర్ ఇచ్చాడు. అది వేరే కంపెనీ. ఫోన్ చేసి స్తంభం గుర్తు చెప్పగానే ఆ అబ్బాయి, "అక్కా, ఆ డబ్బాల రెండు పోర్టులు ఖాళీ ఉన్నయ్. నువ్వు ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టు, రేపు సాయంత్రం నేనే వస్త" అన్నాడు. కస్టమర్ కేర్‌తో రెండు రోజులు మాట్లాడినా తేలనిది ఒక్క ఫోన్‌తో తేలింది.

వచ్చాడు. ఈసారి ఓనరమ్మ అడ్డం పడ్డారు. "మొన్ననే రంగులేయించిన. గోడకు ఒక్క తూటు పడ్డా ఊకోను" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, ఆ రంగులకి ఎంతయిందో దిగిన రోజే చెప్పారు. అబ్బాయి వాదించలేదు. ఇల్లంతా ఒకసారి చుట్టి వచ్చి, కిటికీ పక్కన పాత కేబుల్ టీవీ వైరు లోపలికి వచ్చిన రంధ్రం పట్టుకున్నాడు. ఎప్పుడో తెగిన ఆ వైరు చివరకే ఫైబర్ కేబుల్‌ని టేపుతో చుట్టి, లోపలి నుంచి మెల్లగా లాగాడు. పాత వైరు బయటికి, కొత్త కేబుల్ లోపలికి. గోడకి చిన్న గీత కూడా పడలేదు.

అప్పటికి మసక చీకటి పడుతోంది. మెట్ల మీద కూర్చుని జాయింట్ మొదలుపెట్టాడు. కేబుల్ పై తొడుగు ఒలిస్తే లోపల గాజు పోగు, మందం 125 మైక్రాన్లు, అంటే ఇంచుమించు వెంట్రుకంత. దాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, పోగుని తిన్నగా కోసే క్లీవర్‌లో పెట్టి టక్కున కోసి, రెండు పోగుల్ని కరిగించి అతికించే మెషిన్‌లో పెట్టాడు. తెర మీద రెండు పోగులు ఎదురెదురుగా వచ్చి సర్దుకుని, చిటుక్కుమని మెరిసి ఒకటైపోయాయి. అప్పటిదాకా ఫోన్ టార్చి పట్టుకుని వెలుగు చూపించింది ఎవరనుకున్నారు, ఓనరమ్మే.

మీటర్ పెట్టి చూస్తే మైనస్ 26.4. ఇది లైటు ఎంత బలంగా వస్తోందో చెప్పే అంకె. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ, మైనస్ 27 దాకా వెళ్తే లైన్ ఊగిసలాడుతుంది. "నడుస్తది గానీ అక్కా, వానొస్తే పోతది" అని మళ్లీ కేబుల్ పొడుగునా చేయి పెట్టి చూసుకుంటూ వెళ్లాడు. కిటికీ మూల దగ్గర కేబుల్ మడత పడి ఉంది. గాజు పోగు మడత పడితే లైటు అక్కడే బయటికి కారిపోతుంది. దాన్ని విప్పి గుండ్రంగా చుట్ట తిప్పి కట్టాడు. మైనస్ 20.1. ఆ అంకెని తెల్ల టేపు ముక్క మీద రాసి మోడెమ్ డబ్బాకి అంటించాడు. ఏడుంబావుకి నెట్ వచ్చింది.

కాబట్టి రోజుల లెక్క అడిగితే, పోర్టు ఖాళీ ఉంటే ఒక్క సాయంత్రం. లేకపోతే ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు కేబుల్ లేకుండా 5జీ సిగ్నల్ మీద వచ్చే ఎయిర్‌ఫైబర్ చూడొచ్చు. జియో దాన్ని 2023 సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో మనదీ ఒకటి. మా తమ్ముడు వాడుతున్నాడు, బాగానే ఉందంటాడు. నా ఓటు మాత్రం కేబుల్‌కే.

మోడెమ్ ఎక్కడ పెట్టాలో కూడా మీరే చెప్పండి. కేబుల్ లోపలికి వచ్చిన చోటే, చెప్పుల స్టాండ్ పక్కన పెట్టేసి వెళ్లిపోతుంటారు. తర్వాత బెడ్‌రూమ్‌లో వైఫై రావడం లేదని కంపెనీని తిట్టుకుంటాం. ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టించండి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ అనే బ్యాండ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ప్రకటనలో 499 అని ఉంటే 18 శాతం జీఎస్టీతో మీరు కట్టేది 589. అందరికీ తెలిసిన పన్ను, పెద్ద అక్షరాల్లోనే కలిపి వేయడానికి ఏమైంది వీళ్లకి?

నా అడ్వాన్స్ కూడా ఊరికే రాలేదు. ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, ఇచ్చి వదిలేశారు. ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. అప్పీలు పెట్టాకే డబ్బు వచ్చింది. ఆ డాకెట్ నంబర్ పోగొట్టుకోకండి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఏడాది ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరమంతా స్తంభాల మీద వేలాడే కేబుళ్లు కోసేశారు. మాదీ పోయింది, రెండు రోజులు నెట్ లేదు. కోసినందుకు నేను ఎవరినీ అనను, ప్రాణాల కన్నా నెట్ ఎక్కువ కాదు. కానీ ఇన్నేళ్లుగా ఇన్నిసార్లు రోడ్లు తవ్వుతూ, ఒక్కసారి కేబుళ్లన్నీ భూమిలో వేస్తే ఏం పోయింది? బెల్టు కూడా లేకుండా కరెంటు తీగల పక్కన నిచ్చెనెక్కేది ఆ అబ్బాయిలాంటి వాళ్లే.

మూడో రోజు అతనే వచ్చి జాయింట్ వేశాడు. మీటర్ తీయకముందే మోడెమ్ మీద టేపు చూసి, "ఇరవై పాయింట్ ఒకటి ఉండె కదక్కా" అన్నాడు. ఈసారి మైనస్ 20.8 వచ్చింది. పాత అంకె కిందే రాసి వెళ్లాడు.