బావమరిది హస్తవాసి

ప్రశ్న: బరంపురంలో నాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. ఇచ్ఛాపురం దగ్గర పొలం అమ్మితే 12 లక్షలు వచ్చాయి. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి చెయ్యాలి, 7 లక్షలైనా కావాలి. మా బావమరిది 2020 ఏప్రిల్‌లో షేర్లలో పెట్టిన 2 లక్షలు ఏడాదిన్నరలో 5 లక్షలయ్యాయి. ఇప్పుడు ఆప్షన్లు, అంటే షేర్ల ధర ఎటు పోతుందోనని పందెం లాంటి ఒప్పందాలు, చేస్తున్నాడు. వాడి హస్తవాసి మంచిదట, డబ్బంతా వాడికే ఇవ్వమంటోంది మా ఆవిడ. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఉత్తరం చివర మీరే ఇంకో సంగతి రాశారు. పాత బాకీ కింద డీలరు పడేసి వెళ్లిన రేకులు, 2013లో ఫైలిన్ తుఫాను వెళ్లాక నాలుగు రోజుల్లో అమ్ముడుపోయాయని, అప్పటినుంచి బజారంతా మిమ్మల్ని ముందుచూపున్న మనిషంటోందని. ఆ అక్టోబరు 12 రాత్రి తుఫాను మీ ఊరి పక్కనే ఉన్న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కాబట్టి సరిపోయింది. ఇంకెక్కడో దాటి ఉంటే ఆ రేకులు గోడౌన్లోనే తుప్పుపట్టేవి. బజారు అప్పుడు మిమ్మల్ని ఏమనేదో నేను రాయక్కర్లేదు.

మీ బావమరిది సంగతీ అంతే. 2020 మార్చి 23న నిఫ్టీ, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 7,610 దగ్గర ముగిసింది. 2021 అక్టోబరులో 18,000 దాటింది. అప్పుడు ఆ సూచీలోని షేర్లన్నీ కొని ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాడికే డబ్బు రెండింతలు దాటింది. మీవాడిది రెండున్నర రెట్లు. ప్రతిభ ఉందంటే ఆ పైన మిగిలిన కాస్తలోనే వెతకాలి. కాకి వాలింది, తాటిపండు రాలింది. (నవ్వడానికి నాకూ అర్హత లేదు. 2007లో ఒక షేరు మూడు నెలల్లో రెట్టింపైతే నా తెలివే అనుకున్నాను. మరుసటి ఏడాది మార్కెట్ ఆ తెలివిని వడ్డీతో సహా వసూలు చేసింది.)

ఇక ఆప్షన్లు. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అంతా కలిపి 1.8 లక్షల కోట్ల పైమాటే. ఖర్చులు పోను లక్షకు మించి మిగిలింది 1 శాతం మందికి. పెళ్లి భోజనాల దగ్గర మనకు వినపడేది ఆ ఒక్కడి గొంతు. పోగొట్టుకున్నవాడు పక్కనే కూర్చుని పప్పు బాగుందంటాడు.

పెళ్లి డబ్బు 7 లక్షలు రెండేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లు చెయ్యండి, కానీ రెండు బ్యాంకుల్లో. ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా. లక్షన్నర షాపుకో ఆసుపత్రికో అందుబాటులో ఉంచండి. మిగతాది పదేళ్లు ముట్టనంటేనే, నెలకు 20 వేల చొప్పున నిఫ్టీ షేర్లనే కొనిపెట్టే నిఫ్టీ ఇండెక్స్ ఫండులో వెయ్యండి.

బావమరిదిని మాత్రం ఒకటి అడగండి. బ్రోకర్ యాప్‌లో ట్యాక్స్ పీ అండ్ ఎల్ అని, ఏడాది లాభనష్టాల లెక్క చూపే రిపోర్టు ఉంటుంది. గత మూడేళ్లవీ పూర్తిగా తెమ్మనండి, లాభమొచ్చిన రోజుల స్క్రీన్‌షాట్లు కాదు. తేలేదు, ఇంట్లో అలకలు మొదలయ్యాయి అంటారా, ఓ 25 వేలు చేతిలో పెట్టండి. పెట్టుబడి కింద కాదు, సంక్రాంతి పెట్టుపోతల కింద రాసుకోండి.