నాగావళి ఒడ్డున పార్కు కడితే నదికి నష్టమా?

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున పార్కు, వాకింగ్ ట్రాక్ వస్తే నది పాడవుతుందా అని అడిగారు. ఎక్కడ, ఎలా కడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. నాగావళి పుట్టేది ఒడిశా కొండల్లో. అక్కడ కుండపోత కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా వరద వచ్చేస్తుంది. అందుకే నదిలోకి జరిపి సిమెంటు గోడ కట్టకూడదు. నది ఇరుకైతే నీటిమట్టం పెరుగుతుంది, అవతలి ఒడ్డు కోసుకుపోతుంది. వరదకు మునిగేచోట గడ్డి, మట్టిబాట, నాలుగు బెంచీలు చాలు. నీళ్లు తీశాక బురద కడుక్కుంటే సరి. హోటళ్లు, టాయిలెట్లు గట్టుకు ఇవతలే ఉండాలి. రెల్లు దుబ్బులు చూడ్డానికి బాగోలేదని పీకేస్తుంటారు గానీ, ఒడ్డు మట్టిని పట్టి ఉంచేది వాటి వేర్లే. అన్నట్టు, మురుగు కాలువల సంగతి తేల్చకుండా రంగురంగుల లైట్లు పెడితే ఆ కంపులో కూర్చునేదెవరు?