బోర్డు కనిపించని చోట కారుకు లాక్ వేశారు, ఫైన్ కట్టేయాలా?

మీరు రెండు అడిగారు. క్లినిక్ ముందు పావుగంట ఆపిన కారుకు టైర్ లాక్ వేశారు, బోర్డు కనబడలేదు, దీని మీద పోట్లాడొచ్చా అని ఒకటి. పది గంటలు దాటకుండా లాక్ వేయకూడదని వాట్సాప్‌లో తిరుగుతున్నది నిజమేనా అని ఇంకోటి.

ఆ వాట్సాప్ మెసేజ్ సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 127 చూడండి. రోడ్డు మీద పది గంటలకు మించి వదిలేసిన బండి సంగతి వేరు, పార్కింగ్ నిషేధం ఉన్న చోట ఆపిన బండి సంగతి వేరు. రెండోదానికి టైముతో పనిలేదు, రెండు నిమిషాలకే లాక్ వేయొచ్చు, ఎత్తుకెళ్లొచ్చు కూడా. కాబట్టి అక్కడ పది గంటల వాదన పెట్టుకోకండి, ఎస్ఐ నవ్వి పక్కకు తిరుగుతాడు. అడగాల్సింది ఇక్కడ నిషేధం నిజంగా ఉందా, లాక్ వేయమని చెప్పింది ఎవరు అని, ఎందుకంటే అదే సెక్షన్ ప్రకారం ఆ ఏరియా మీద అధికారం ఉండి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వాలి, క్రేన్ మీద వచ్చిన కుర్రాళ్లు సొంతంగా నిర్ణయించే పని కాదది.

నాకు జరిగింది దాదాపు ఇదే. బట్టల షాపు ముందు కారు ఆపి లోపలికెళ్లి వచ్చేసరికి టైరుకి పసుపు రంగు లాక్. బోర్డు ఉంది, కాకపోతే ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ దాన్ని పూర్తిగా కప్పేసింది! ఎవరితో మాట్లాడకముందే ఫోన్ తీసి కారు, ఫ్లెక్సీ, దాని వెనక బోర్డు, రోడ్డుకి రెండు వైపులా ఆగి ఉన్న బండ్లు, అన్నీ ఒకే వీడియోలో వచ్చేలా తీశాను. తర్వాత అధికారి వస్తే "సార్, చలానా రాయండి, ఇక్కడ మాత్రం కట్టను, కోర్టులో చూసుకుంటా" అన్నాను. కాసేపు గట్టిగానే మాట్లాడాడు, చివరికి చలానా రాసి, లాక్ చార్జీ మాత్రం తీసుకుని వదిలేశాడు.

అక్కడ కట్టకపోవడానికి కారణం ఉంది. స్పాట్‌లో ఫైన్ కడితే సెక్షన్ 200 కింద రాజీ అయిపోయినట్టే, కేసు అంతటితో ముగుస్తుంది, తర్వాత తప్పు నాది కాదు అనడానికి దారి దాదాపు ఉండదు. లాక్, టోయింగ్ చార్జీ వేరే లెక్క, దానికి విడిగా రశీదు అడిగి తీరాలి. రశీదు లేదంటే ఆ మాట కూడా వీడియోలో పడనివ్వండి.

ఇంటికొచ్చాక ఫొటోలు జతచేసి పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, ఆ రోడ్డుకి నో పార్కింగ్ ఉత్తర్వు కాపీ, లాక్ చార్జీ ఎంతని నిర్ణయించారో చెప్పమని సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు కూడా పెట్టాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి కదా, ఆ దరఖాస్తు వెళ్లాకే ఫైల్ కదిలిందని నా అనుమానం. చలానా తీసేశారు. లాక్ చార్జీ మాత్రం ఇప్పటికీ వెనక్కి రాలేదు, దాని కోసం తిరిగే ఓపిక నాకూ లేకపోయింది.

మీ విషయంలో ఒక్కటి సరిచూసుకోండి. బోర్డు లేకపోయినా ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, బస్టాప్ దగ్గర, ఎవరి గేటుకో అడ్డంగా ఆపితే తప్పే. క్లినిక్ గేటు ముందు ఆపి ఉంటే మాత్రం ఫైన్ కట్టేసి హాయిగా పడుకోండి.

కింద కామెంట్‌లో ఇంకొకరు, తమ కారుకు అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాళ్లు లాక్ వేశారని రాశారు. వాళ్లకు సెక్షన్ 127 అధికారం లేదు, అది పోలీసులదే. అలాగని కటర్ తెచ్చి లాక్ కోసేయకండి, వస్తువు పాడుచేశారని ఎదురు కేసు పెడతారు. 100కి ఫోన్ చేసి, పోలీసుల ముందే తీయించుకోండి.